తొట్టి మీద కంబళి

చేద నీళ్లలో పడ్డ చప్పుడు రోజూలా లేదని కెంచమ్మకు తాడు చేతిలో ఉండగానే తెలిసిపోయింది. తడి గోనె మీద కర్రతో కొట్టినట్టు మెత్తగా వినిపించింది. ఆ ఏడు ఎండలకు బావిలో మోకాలి లోతు నీళ్లే మిగిలాయి. తొంగి చూస్తే అడుగున నీళ్లు ఎర్రబారుతున్నాయి. నల్లోడు పక్కకు ఒరిగి ఉన్నాడు.

నల్లోడంటే కొరమీను. తొమ్మిదేళ్ల కిందట ఈ బావిలో నీళ్లు పడిన రోజున కెంచమ్మ పెనిమిటి బీరప్ప వేలెడంత పిల్లను కుండలో తెచ్చి వదిలాడు. పురుగూ పుట్రా తిని నీళ్లు బాగుంచుతుందని అందరికీ చెప్పాడు. ఇప్పుడది మూరెడు దాటింది. పొద్దున్నే బీరప్ప గట్టు మీద కర్రతో రెండుసార్లు తడితే పైకి వస్తుంది. మిడతలు విసిరి, ఏ గొర్రె ఈనిందో, మందలో ఏ పొట్టేలు ఎవరిని పొడిచిందో దానికి చెప్పుకుంటాడు. ఇంట్లో మాత్రం నోరు విప్పడు.

ఆ ఉక్రోషంతోనే కెంచమ్మ తొమ్మిదేళ్లుగా ఒకటే ఎకసెక్కం ఆడేది, ఒకరోజు దీన్ని చింతపండు వేసి పులుసు పెట్టేస్తానని. వీధి వీధంతా ఆ మాట విన్నదే. పోయిన నెల బీరప్ప మందను తోలుకొని వెల్లిచందై దిక్కుకు పోతూ, ఇల్లు జాగ్రత్త అనలేదు, నల్లోడు జాగ్రత్త అన్నాడు. పులుసులో ఉప్పు తక్కువే వేస్తాలే అని సాగనంపింది కెంచమ్మ. పాత తోలు చేదే వాడమని కూడా అతడు చెప్పాడు. యుద్ధం అయిపోయి సంతకు మళ్లీ ఇనప చేదలు వచ్చాయని ముచ్చటపడి కొన్నది ఆమే.

మరిది లింగప్ప బావి మెట్లు దిగి నల్లోణ్ని గంపలో పైకి తెచ్చాడు. ఇనప చేద అంచు దిగి వెన్ను మీద రెండు వేళ్లు పట్టేంత గాయం. లోపల తెల్లగా ఎముక కనిపిస్తోంది. దాని వెనక ఉన్న ఒళ్లంతా పేలికలా వేలాడుతోంది. ముందు సగం ఈదాలని చూస్తుంటే వెనక సగం కదలడం లేదు. అమావాస్యకు ఇంకా మూడు రోజులున్నాయి. బీరప్ప వస్తానన్నది అమావాస్యకే. కెంచమ్మ లింగప్పను అప్పటికప్పుడే వెల్లిచందైకి తరిమింది.

గొర్రెలు నీళ్లు తాగే రాతి తొట్టిలో నల్లోణ్ని వేసి, గాయానికి పసుపు మెత్తింది. లోతు ఉండాలని తొట్టిని అంచుదాకా నింపింది. కాకుల భయం, పిల్లి భయం, పైన ఎండ. ఇంట్లో గొర్రెపిల్లకు ఒళ్లు బాగాలేకుంటే ఏం చేస్తారో అదే చేసింది. కంబళిని తడిపి తొట్టి మీద కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. గొర్రెనైతే అట్లా కప్పి చీకట్లో పడుకోబెట్టి, పొద్దు వాలేలోగా నెమరు వేస్తుందేమో చూస్తారు. వేస్తే బతుకుతుంది. వేయకపోతే ఆలస్యం చేయకుండా కత్తి తెస్తారు. అది చూసి చెప్పడంలో కెంచమ్మది గట్టి కన్నని వాళ్ల మామ కూడా ఒప్పుకునేవాడు. చేపకు నెమరు లేదు. ఏం చూడాలో ఆమెకు తెలియలేదు.

ఆ రోజు ఆమె కాలు ఒక చోట నిలవలేదు. రాగి సంగటి అడుగంటింది. కంబళి కింద నుంచి ఉండుండి టక్కు టక్కుమని చప్పుడు వస్తుంటే, వాడికి బలం వస్తున్నట్టుందని తోడికోడలు పిల్లమ్మకు రెండుసార్లు చెప్పింది. తెల్లారేసరికి ఆ చప్పుడు తగ్గింది. అప్పుడు అదియమాన్‌కోట్టై చెరువులో వల వేసే వడివేలుకు కబురు పెట్టింది.

వడివేలు అరవ మనిషే అయినా వీళ్ల మధ్య తిరిగి తెలుగు పట్టుకున్నాడు. కంబళి ఎత్తి, వంగి చేప మూతి చూశాడు.

"ఎవరక్కా దీన్ని మూసింది?"

"నేనే. ఏం?"

తక్కిన చేపల్లాగా దీనికి నీళ్లు ఒక్కటే చాలవని చెప్పాడు అతను. కొరమీను ఉండుండి మూతి పైకి పెట్టి గాలి మింగాలి. లేకపోతే మనిషి మునిగినట్టే నీళ్లలో మునిగి చస్తుంది. నిండు తొట్టి మీద తడి కంబళి జారి నీళ్లకు అంటుకుపోయింది. నిన్నంతా విన్న చప్పుడు, గాలి కోసం అది ఉన్నికి మూతి కొట్టుకున్న చప్పుడు. మూతి మీద చర్మం లేచిపోయి ఉంది.

కెంచమ్మ లోపలికి పరిగెత్తింది. కుండ తెచ్చి, జానెడు మిగిలేదాకా తొట్టిలోంచి నీళ్లు తోడి బయట పోస్తూనే ఉంది. నల్లోడు నోరు తెరిచి గాలి మింగాడు. మళ్లీ పక్కకు ఒరిగాడు.

బతుకుతుందా అని అడిగింది. తోక ఇక రాదన్నాడు వడివేలు. బావిలో వదిలితే గాలికి పైకి రాలేదు. తొట్టిలో అయితే నాలుగు రోజులో, పది రోజులో. ఈ జాతిది గట్టి ప్రాణమనీ, చావు కూడా తొందరగా రాదనీ చెప్పాడు. గొర్రెకు నెమరు చూస్తాం, దీనికేం చూడాలి అని అడిగింది. అతను చేపను రెండు చేతుల్లో పట్టి మెల్లగా ఒక పక్కకు వంచాడు. ఒళ్లు వంగింది కానీ కన్ను మాత్రం గూటిలో తిరిగి, నీళ్ల మట్టం వైపే నిలిచింది. ఇటు వంచితే అటు తిరిగింది.

"ఈ తిరగడం ఆగితే దానికేమీ తెలీదు. తిరిగేదాకా అన్నీ తెలుస్తాయి."

"తిరుగుతుంటే ఏం చేయాల?"

"అది నన్నడిగితే ఎట్లక్కా. నేను పట్టేవాణ్ని, పెంచినవాణ్ని కాదు."

కావాలంటే నెత్తిన ఒక్క దెబ్బతో ముగిస్తానన్నాడు. చెరువుకు పోయి మాపటికి వస్తాననీ, ఈలోగా ఆలోచించుకోమనీ చెప్పి, పోతూ పోతూ నవ్వించాలని, తల నాకు తోక మీకు అన్నాడు. అది ఉత్త నవ్వులాట కాదు. ఈ ఇళ్లల్లో జీవాన్ని కోసినవాడికి తల ఇవ్వాలి. ఇవ్వకుంటే కోసిన చేతికి పాపం చుట్టుకుంటుందంటారు.

పిల్లమ్మ ఒకటే మాట పట్టుకుంది. "బావ వచ్చేదాకా ఉండనీ అక్కా. నువ్వు చంపినావంటే పులుసు మాట నిజం చేసినావంటాడు." గోడవతల నుంచి పక్కింటి పెరుమాయి చింతపండు నానబెట్టినారా అని అడిగింది. వేరే రోజైతే కెంచమ్మ దానికి తగిన జవాబే చెప్పేది.

మధ్యాహ్నం లింగప్ప దుమ్ము కొట్టుకొని తిరిగొచ్చాడు. గడ్డి కోసం మందను గుట్ట మీదికి తోలినారట. మనిషి దొరకలేదు, ఊళ్లో మాట చెప్పి వచ్చాడు. ఇంకా రెండు రోజులు.

ఆమె లోపలికి పోయి చాట పట్టింది, పెట్టేసింది. తొట్టి దగ్గరికి వచ్చి నల్లోణ్ని చేతుల్లోకి తీసుకొని వంచి చూసింది. కన్ను తిరిగింది. పోయి రాగులు విసరబోయి మళ్లీ వచ్చింది. తిరిగింది. కన్ను ఆగిపోయి ఉంటే బాగుండునని ప్రతిసారీ అనుకుంది. ఆగిపోతే ఎవరి మీదా మాట ఉండదు. అయిదోసారి వంచినప్పుడు గాయం విచ్చుకొని ఆమె మణికట్టు మీద నెత్తురు కారింది. చేప విదిలించుకోలేదు. గాలి మాత్రం మింగింది. కన్ను మెల్లగా తిరిగింది.

కెంచమ్మ నెత్తురు చూసుకుంది. మధ్యాహ్నం నుంచి తాను చూస్తున్నది చేప నొప్పిని కాదు. మొగుడి దగ్గర తన మీద మాట రాకుండా, దాన్నే చచ్చిపొమ్మని అడుగుతోంది. అది తెలిశాక ఇంకోసారి వంచలేకపోయింది.

రోకలి తెచ్చింది. వడివేలు వచ్చేదాకా ఆగమని పిల్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"వాడు కొడితే తల ఇయ్యాల. తల ఒక పొయ్యి మీదికి పోతే, అది పులుసే."

మేపిన చెయ్యి కొట్టకూడదంటారు కదక్కా అంది పిల్లమ్మ. మేపింది నేనా, మీ బావ అంది కెంచమ్మ. అది అబద్ధం. మంద వెంట అతడు పోయిన రోజులన్నీ మిడతలు పట్టి వేసింది ఆమే.

చేపను తడి గోనె మీద పెట్టి, కళ్ల మధ్య ఒక్క దెబ్బ వేసింది. తరవాత ఎత్తి వంచింది. కన్ను ఒంటితో పాటే వంగింది.

బావి గోడ పక్కన మూరెడు లోతు తవ్వి పూడ్చింది, కుక్కలు తోడకుండా రాళ్లు పేర్చింది. మాపటికి వడివేలు వచ్చి రాళ్లు చూసి, వెనక్కి తిరిగిపోయాడు.

బీరప్ప అమావాస్య నాటి పొద్దున్నే వచ్చాడు. గాయం సంగతి దారిలో విన్నాడు. అయినా పంచె కొంగున మూట ఉంది, మూటలో మిడతలు కదులుతున్నాయి. బావి గట్టు మీద కర్రతో తట్టలేదు. ఊరికే నిలబడ్డాడు.

కెంచమ్మ మొదటి నుంచి చెప్పింది. ఇనప చేద. గాయం. కంబళి దగ్గరికి వచ్చేసరికి పిల్లమ్మ కంటితో వద్దని సైగ చేసింది. అది చెప్పకుంటే ఎవరూ చెప్పరు. కెంచమ్మ అదీ చెప్పింది, టక్కు టక్కుమన్న చప్పుడుతో సహా. తరవాత కన్ను, రోకలి.

"ఎంతసేపు మూసి పెట్టినావు?"

"ఒక పగలు, ఒక రాత్రి."

అతడు దండెం మీది కంబళి దగ్గరికి పోయాడు. నీళ్లకు తగిలిన చోట ఉన్ని అట్టకట్టుకుపోయింది. అక్కడ వేళ్లతో నలిపి చూశాడు. పులుసు మాట ఎత్తుతాడని ఆమె కాచుకొని ఉంది. ఎత్తితే తిరిగి అనడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకుంది కూడా. అతడు ఎత్తలేదు.

"నేనున్నా కంబళే కప్పేవాణ్ని," అన్నాడు.

మూట విప్పి గట్టు మీద దులిపాడు. మిడతలు నాలుగు దిక్కులా ఎగిరాయి. కోళ్లు పరిగెత్తాయి.

ఆ పగలంతా అతడు అన్నం తినలేదు, ఆమెను పలకరించలేదు. ఆమె కూర్చోలేక, రోకలిని బూడిదతో మూడోసారి తోమి, రాగులు దంచడానికి రోటి ముందు నిలబడింది. బీరప్ప ఖాళీ తొట్టి అంచు మీద కూర్చొని ఉన్నాడు. చాలాసేపటికి గొంతు సవరించుకొని, చుక్కల గొర్రె గుట్ట మీద ఈనిందన్నాడు. రెండు పిల్లలన్నాడు. ఒకటి కాళ్లు ఊనడం లేదన్నాడు.

మొహం బావి వైపే ఉంది. ఎవరికి చెప్తున్నాడో కెంచమ్మకు తెలియలేదు. రోకలి ఎత్తి పట్టుకొని, కిందికి దించకుండా, వింటూ ఉండిపోయింది.