ఉప్పుల మాస్టారి ముక్కు

కాలేజీలో అందరూ ఆయన్ని ఉప్పుల మాస్టారు అనేవారు. పుస్తకాల్లో లవణాలని రాసి ఉన్నా ఆయన నోట ఎప్పుడూ ఉప్పులే. కూరలో వేసుకునేదే కాదు, రాగి, సీసం, ఇనుము, వీటిలో దేనితో చేసిన లవణమైనా ఆయనకు ఉప్పే. పేరు చెప్పకుండా చిటికెడు పొడి చేతిలో పెట్టి, అదేమిటో కనుక్కోమని పిల్లల్ని పరీక్షించడం ముప్ఫై ఏళ్లుగా ఆయన ఉద్యోగం. వాళ్లు నోట్సు తిరగేసేలోపే ఆయన ముక్కు తేల్చేసేది. కుళ్లిన గుడ్డు కంపయితే సల్ఫైడు, వెనిగర్ వాసనయితే ఎసిటేటు, ముక్కు పగిలే ఘాటయితే అమ్మోనియం.

భార్య పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. ల్యాబులో మాట్లాడిన నాలుగు మాటలే ఆ రోజుకు మాటలు. సెలవురోజు సాయంత్రం ఎవరైనా తలుపు తడితే, పలకడానికి ముందుగా గొంతు సవరించుకోవాల్సి వచ్చేది.

వర్షాకాలం చివర వారం రోజులు జ్వరపడ్డారు. తగ్గాక ఒక ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి పేపరు చదువుతుంటే పక్కింటావిడ తలుపు దబదబా బాదింది.

"ఏమండీ, ఇంట్లోనే ఉన్నారా? ఏదో మాడిపోతోంది!"

గిన్నె అడుగు బొగ్గయిపోయింది. వంటగదిలో పొగ. జలుబు ఇంకా వదల్లేదు కాబోలు అని సరిపెట్టుకున్నారు.

ఆ నెలలోనే ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. కళ్లజోడు అమ్మాయి ఒకతె తనకిచ్చిన ఉప్పు అమ్మోనియం క్లోరైడని రాసింది. చేసి చూపించమన్నారు. ఆ పిల్ల చిటికెడు ఉప్పు పరీక్షనాళికలో వేసి, సోడియం హైడ్రాక్సైడు ద్రావణం పోసి, మంట మీద వెచ్చబెట్టింది. మాస్టారు తాను నేర్పే పద్ధతిలోనే, అరచేత్తో ఆవిరిని ముక్కువైపు విసురుకున్నారు.

"వాసనేదమ్మా?"

"వస్తోంది కదా సార్, ఘాటుగా!"

"నాకు రావట్లేదే. బట్టీపట్టి రాసేస్తే ఇలాగే ఉంటుంది."

"సార్, మీ కళ్లలో కూడా నీళ్లొస్తున్నాయి సార్..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అసలే ఆయనకు ముక్కు మీద కోపం. ఎర్రసిరాతో జవాబు మీద అడ్డంగా గీత కొట్టేశారు. అమ్మాయి కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక కూడా ఆయన కళ్లు మండుతూనే ఉన్నాయి. ఎందుకు మండాలి? ఆ అమ్మాయి వదిలివెళ్లిన పరీక్షనాళికను మళ్లీ వేడిచేశారు. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం దాని మూతి దగ్గర పెట్టగానే నీలమైంది. గాజుకడ్డీని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి చూపిస్తే తెల్లటి పొగ దట్టంగా లేచింది. అమ్మోనియా ఉంది. చివరికి అమ్మోనియా సీసా మూతే తీశారు. కళ్లు భగ్గుమన్నాయి, గొంతు గీరుకుంది. వాసన మాత్రం లేదు. మూత బిగించి, ఖాళీ బల్లల మధ్య చాలాసేపు అలాగే నిలబడిపోయారు.

మర్నాడు తరగతిలో అందరి ముందూ చెప్పారు. "నిన్న నేను పప్పులో కాలేశాను. ఈ అమ్మాయి రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. తప్పు నా ముక్కుది."

అమ్మాయి లేచి నిలబడింది. "ఫర్వాలేదు సార్. డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకుంటానమ్మా," అన్నారాయన. ఆరోగ్యం ఎలా ఉందని ఒక మనిషి తనని అడిగి చాలాకాలమైంది.

తర్వాత డిపార్ట్‌మెంటు హెడ్ గదికి వెళ్లారు. "నా ముక్కులో కోపం తప్ప ఇంకేం మిగల్లేదమ్మా. సల్ఫైడు గ్యాసు విషం, అది తయారుచేసే చోట నన్ను పెట్టకండి. లీకయినా నాకు తెలీదు. పిల్లలుంటారు."

"మీరు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు మాస్టారూ," అందావిడ.

"అందుకే చెప్పాను."

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇంటికి నడుస్తుండగా సగం దారిలో ఒక సంగతి తట్టి మాస్టారు గబగబా అడుగులేశారు. బీరువాలో భార్య ఊలు శాలువ ఉంది. మూడేళ్లుగా వారానికోసారి దాన్ని తీసి మొహానికి అదుముకునేవారు. అందులో ఆవిడ ఉండేది. వెళ్లీ వెళ్లగానే తీసి చూశారు. ఊలు బుగ్గకు గరుగ్గా తగిలింది, అంతే.

పోయింది శాలువలోని వాసనా, తన ముక్కా? అమ్మోనియాకైతే గాజుకడ్డీ ఉంది, కాగితం ఉంది. దీనికి ఆ వాసన ఎరిగిన ఇంకో ముక్కు కావాలి. అలాంటి మనిషి ఒక్కతే, మరదలు. అక్క పోయిన రోజున ఆమె, "ఇంకాస్త ముందే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది బావా," అంది. ఈయన, "నీకేం తెలుసు," అన్నారు. అప్పట్నుంచి మాటల్లేవు.

ఫోన్ చేశారు. "ఒక వాసన చూసి చెప్పాలమ్మా."

"ఆదివారం వస్తాను," అంది.

మూడు గంటలు బస్సులో కూర్చుని, నాలుగు బత్తాయిలు పట్టుకుని వచ్చింది. శాలువ అందుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. మడత విప్పి మళ్లీ పీల్చింది. కళ్లు నిండాయి.

"నిజం చెప్పనా, నీకు కావలసింది చెప్పనా?"

"నిజమే."

"లేదు బావా. బీరువా చెక్క వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన. ఎప్పుడో పోయుంటుంది."

అయితే జ్వరానికి ముందు ఇన్నాళ్లూ తాను పీల్చిందేమిటి? వట్టి జ్ఞాపకమేనా? బాధగానే ఉంది. ఆవిణ్ణి దూరం చేసింది తన ముక్కు కాదు కదా అని, ఎక్కడో కొంచెం తేలిగ్గానూ ఉంది.

"ఎలా ఉండేదో నువ్వయినా చెప్పు."

"తడి ఆరని జుట్టు. ఇస్త్రీ బట్ట. కాస్త సబ్బు."

"సబ్బు కాదు, పౌడరు."

"సబ్బే. నేను ఆవిడ పక్కలో పడుకుని పెరిగినదాన్ని."

పౌడరా సబ్బా అని ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. మధ్యలో ఆమె ఆగి, "ఆ రోజు నేనన్న మాట..." అంది.

"వదిలెయ్."

"మూడేళ్లు వదల్లేకే రాలేదు బావా."

ఆయన బత్తాయి ఒలిచి ఆమె చేతిలో పెట్టారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అంది, "శుభ్రంగా ఉతికి కప్పుకో. దాస్తే పురుగుల పాలవుతుంది."

ఆమె వెళ్లాక ఇల్లు ఎప్పటిలాగే మూగబోయింది. శాలువని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా నెమ్మదిగా ఒత్తి, కిటికీ దగ్గర ఆరేశారు. ఆరడానికి మూడురోజులు పట్టింది. నాలుగోరోజు కప్పుకుని కాలేజీకి వెళ్లారు.

తర్వాతి ఆదివారం మరదలు రాలేదు, ఫోన్ చేసింది. ఏం మాట్లాడాలో తోచక ఇద్దరూ పావుగంటసేపు చలి గురించి మాట్లాడుకున్నారు.