గంట వాన ఇరవై నిమిషాల్లో

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ మేడమీది ఇంటి గుమ్మం ముందు తడిబట్టల బకెట్లు వరసగా చేరేవి. ఆ ఇంటి అమ్మాయి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మధ్యాహ్నం డ్యూటీ పడిన వారాల్లో, పొద్దుటిపూట ఇరుగుపొరుగు వాళ్ళ పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లో చూసుకునేలా మార్చిపెడుతుంది. వీడియోని వేసి చూసినా, విప్పి మార్చినా అందులో ఏ కాలం ఉంటే ఆ కాలమే గదిలోకి వస్తుంది కాబట్టి, వేసవి సెలవుల క్యాసెట్టు వంతు వచ్చిందంటే మెట్లవెంట కబురు పాకేది. దుప్పట్లు తెచ్చేవాళ్ళు దుప్పట్లు, పరుపులు మోసుకొచ్చేవాళ్ళు పరుపులు. చలికాలం వీడియో అయితే పాలు విరక్కుండా గిన్నెలు తెచ్చి పెట్టుకునేవాళ్ళు. వాన వీడియో అయితే మాత్రం ఎవరూ ఇటు తొంగిచూసేవాళ్ళు కాదు. అమ్మాయే కిందొక బకెట్ పెట్టుకుని కూర్చునేది.

ఆ రోజు అమ్మాయి డ్యూటీకి సెలవు పెట్టింది, బకెట్లేవీ రాలేదు. మధ్యాహ్నం రెండున్నరకు ఆ గదిలో ముగ్గురే ఉన్నారు. అమ్మాయి, ఆమె మేనత్త, పక్కింట్లో ఉండే రిటైరైన పోస్టుమాస్టరు. ముగ్గురూ కంప్యూటర్ తెర కింద ఉన్న ఒక్క అంకెనే చూస్తున్నారు. మిగిలిన సమయం, ఏడు గంటల నలభై నిమిషాలు.

మునిసిపల్ ఆఫీసు అయిదింటికి మూసేస్తారు.

మేనత్తను వీధి వీధంతా కత్తెరత్త అంటుంది. ఎదురు వరసలో మెట్లకింద ఉన్న చిన్న గదిలో బట్టలు కుడుతుంది. ఆ మెట్లు, ఆ గది, ఆ వరసలో ఉన్న మరో పదకొండు కొట్లు రోడ్డు వెడల్పు కోసం పోతున్నాయి. పాతికేళ్ళకు ముందునుంచీ అక్కడే ఉన్నామని రుజువు చూపించినవాళ్ళకు కొత్త భవనంలో తలా ఒక గది ఇస్తారు. చూపించలేనివాళ్ళు మిషను ఎత్తుకుని ఇంటికి పోవడమే. ఆమెకు మిషను పెట్టుకునేంత ఇల్లు లేదు. కాగితాలన్నీ ఒక పెట్టెలో పెట్టింది, ఆ పెట్టెకు చెదపట్టింది. పోస్టుమాస్టరు స్వయంగా వచ్చి సాక్ష్యం రాసిచ్చినా, ఆ పొద్దున గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. మాట చాలదట. ఫోటోగాని వీడియోగాని కావాలి, మామూలు వీడియోగా మార్చి పెన్‌డ్రైవ్‌లో తేవాలి, అదీ ఈ సాయంత్రంలోగా.

అప్పుడు గుర్తొచ్చింది పోస్టుమాస్టరుకి. తను కెమెరా కొన్న రోజున వానపట్టి బయటికి వెళ్ళే వీల్లేక, బాల్కనీలో నిలబడి గంటసేపు ఎదురు వరసనే తీశాడు. ఆ క్యాసెట్టుని అమ్మాయి పోయిన నెలలోనే కంప్యూటర్లోకి దింపింది. మార్చడం ఒక్కటే మిగిలింది.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. క్యాసెట్టునుంచి నేరుగా దిగిన ముడి వీడియో పరిచిన పరుపు లాంటిది. గది నిండా ఉంటుంది గాని ఎవరూ చంకన పెట్టుకుని పోలేరు. దాన్ని చుట్టి, తాడేసి బిగించి, చిన్నమూట చెయ్యడమే మార్చడం. ఒక్క సెకనుకు పాతిక బొమ్మలు. గంటకు ఎన్ని? తొంభై వేలు. అన్నింటినీ ఒక్కొక్కటిగా విప్పి, తుడిచి, మళ్ళీ మడతపెట్టాలి. ఆ పని కంప్యూటర్లోని ప్రాసెసర్ చేస్తుంది. అది తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల లాంటిది. ఎంత కష్టమైన లెక్కయినా చేస్తుంది, కాని చేసేది తనొక్కతే. అదే డబ్బాలో గ్రాఫిక్స్ కార్డని ఇంకొకటి ఉంటుంది. అది వెనకబెంచీల గుంపు. పెద్ద లెక్క ఇస్తే కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఒకే రకం చిన్న కూడికలు వందలమందికి ఒక్కసారే పంచిపెట్టారా, ఆవులించేలోపు అందరూ పలకలు పైకెత్తుతారు. పనిని అలా వాళ్ళకు పంచడాన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు. ప్రోగ్రాంలో దానికొక చిన్న గడి ఉంటుంది, టిక్ పెడితే చాలు.

అమ్మాయికి అది తెలియక కాదు. ఆ మధ్య ఒక వేసవి వీడియోకి టిక్ పెట్టి చూసింది. గంట ఎండ ఇరవై నిమిషాల్లో కాసింది. కర్టెన్ అంచు కమిలింది, పొరుగావిడ దుప్పటి అట్టముక్కలా బిగుసుకుపోయింది. ఆ రోజునుంచి ఆ గడి జోలికి పోలేదు.

"ఏడు గంటలమీద సన్నగా పడే వాన, ఇరవై నిమిషాల్లో పడితే ఎలా ఉంటుందో తెలుసా అత్తా? కంప్యూటర్ తడిసిందంటే వీడియోతో సహా అంతా పోతుంది."

"తడవకుండా నేను చూస్తాను. నువ్వు పెట్టు."

ప్లాస్టిక్ పట్టా కప్పుదామన్నాడు పోస్టుమాస్టరు. అది కుదరదు. కార్డు పనిలో పడితే కాగిపోతుంది, గాలాడకపోతే తనంతట తనే ఆగిపోతుంది. చివరికి కత్తెరత్త స్టూలెక్కి కంప్యూటర్ మీదికి పెద్ద గొడుగు పట్టుకుంది. తల తడవకుండా తెల్లటి లైనింగ్ గుడ్డొకటి కప్పుకుంది. పోస్టుమాస్టరు పంచె పైకి దోపుకుని, నీళ్ళు స్నానాలగదిలోకి తోసే చీపురు అందుకున్నాడు. ప్లగ్గులన్నీ బల్లమీదికెక్కాయి. మూడింటికి అమ్మాయి టిక్ పెట్టింది.

పైకప్పు కింద మబ్బు కమ్మడానికి అరనిమిషం కూడా పట్టలేదు. చినుకులు పడలేదు, ఒక్కసారే తొట్టి తిరగేసినట్టు పడింది. గొడుగు మీద మోతకు మాటలు వినబడటం మానేశాయి. నీళ్ళు మడమలు దాటాయి. అమ్మాయి చూపు అంకెల మీదే ఉంది. పది, పదిహేను, ముప్పై. అత్త చేతులు వణకడం మొదలుపెట్టాక గొడుగు ఇటు వాలింది, వాలినవైపు తన భుజం పెట్టింది ఆవిడ. అరవై, డెబ్భై. మూడూ ఇరవైకి వాన ఆగింది.

వీడియో వేసి చూశారు. గదిలో ఈసారి మామూలు జల్లు. తెరమీద వానధారల వెనక మెట్లకింద గది, వెలిగే బల్బు, మిషను తొక్కుతున్న నల్లజడ మనిషి. పోస్టుమాస్టరు భార్య గొంతు కూడా వచ్చింది, కెమెరా కొన్నది వాననీళ్ళు తాగించడానికా అని. ఆయన చీపురు పట్టుకునే నవ్వుకున్నాడు.

తర్వాత ముగ్గురి చూపూ తెర మూలకు పోయింది. అక్కడ తారీఖు ఉండాలి. ఒకటో నెల ఒకటో తేదీ, పగలు పన్నెండు గంటలు, సంవత్సరం దగ్గర రెండు సున్నాలు. ముందుకు జరిపి చూసినా అంతే, అంకె కదల్లేదు. కెమెరాలో తారీఖు పెట్టడం తనకు రాలేదని, బొత్తాలు మరీ చిన్నవని ఆయన నసిగాడు.

"ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద తారీఖు ముద్ర కొట్టారు కదా అన్నయ్యగారూ," అంది కత్తెరత్త స్టూలు దిగుతూ, "ఈ ఒక్క కెమెరాకి కొట్టలేకపోయారా?"

ఎప్పుడు తీసిందో తెలియని వీడియో నిన్న తీసినదైనా కావచ్చు. ఆవిడ తలమీది గుడ్డ తీసి పిండబోయి ఆగిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఆ రోజు వాన కాదే అమ్మాయ్. గుడ్డ ఇంత తెల్లగా ఉంది."

ఊరికి పడమట ఇటుక బట్టీలుండే రోజుల్లో ప్రతి వానలోనూ మసి పడేది. తెల్లగుడ్డ కుట్టి ఇవ్వాలంటే వాన వెలిసేదాకా తలుపులు మూసుకుని కూర్చునేది ఆవిడ. బట్టీలు మూసేశాక వాన శుభ్రపడింది. మసి వాన చూసినవాళ్ళెవరూ అది ఏ రోజుల్లోదో అడగరు.

అమ్మాయి తెరవైపు తిరిగి, గడుల వరసను పైనుంచి కిందికి చూసి, నుదురు కొట్టుకుంది. పాత క్యాసెట్లలో మచ్చలుంటాయి కాబట్టి, మచ్చలు తుడిచే గడికి అలవాటుకొద్దీ ముందే టిక్ పెట్టి ఉంచుతుంది. ఎవరి పెళ్ళి వీడియో అయినా, ఎవరి పుట్టినరోజయినా అంతే. ప్రోగ్రాంకి మసి ఏదో మచ్చ ఏదో ఏం తెలుసు? తొంభై వేల బొమ్మల్లోంచీ సాక్ష్యాన్ని తుడిచి పారేసింది.

మళ్ళీ మొదటినుంచి మార్చాలి. టైము మూడూ ముప్పై అయిదు.

రెండోసారి వాన నల్లగా దిగింది. అత్త చేతుల్లో సత్తువ లేదు, గొడుగు కర్రను నడుముకు కొంగుతో కట్టుకుంది. సగం దాటాక కార్డు కాగి డబ్బాలో ఫ్యాను అరవడం మొదలుపెట్టింది. ఆగిందంటే మూడోసారికి టైము లేదు. అమ్మాయి డబ్బా పక్క రేకు ఊడదీసి, పోస్టుమాస్టరు ఇచ్చిన పాత క్యాలెండర్ అట్టతో విసరసాగింది. రేకు తీసిన డబ్బాలోకి ఒక్క చుక్క పడినా ముగిసినట్టే. తొంభై మూడు దగ్గర అంకె ఆగింది. కదిలింది. తొంభై నాలుగు.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి నాలుగూ నలభై. ముగ్గురి బట్టలమీదా నల్లచుక్కలు. గుమాస్తా యాభై దాటినవాడు, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. వాళ్ళ బట్టలను ఎగాదిగా చూశాడు. కత్తెరత్త ఆ చుక్కలు చూపించబోతే, బయట తడిసొచ్చినవి లెక్కలోకి రావన్నాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి, తెర మూల చూసి, చెయ్యి మౌసు మీంచి తీసేశాడు.

"తారీఖు చెల్లదమ్మా."

"కాసేపు నడవనివ్వు బాబూ. అయిదింటిదాకా నా టైమే కదా."

ఆయన గోడ గడియారం చూసి వీడియోని నడవనిచ్చాడు. వాన మొదలైంది, ఉండవలసినంత నెమ్మదిగా. పక్క కౌంటర్లవాళ్ళు ఫైళ్ళు బల్లకిందికి సర్దుకున్నారు. అటెండరు రిజిస్టర్ మీద గొడుగు విప్పాడు. గుమాస్తా ఎడమచేతి కఫ్ మీద ఒక చుక్క పడి, నల్లగా పాకింది. ఇంకొకటి పడింది. ఆయన వేలితో రుద్దాడు. అది పోకుండా ఇంకాస్త అలుక్కుంది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు.

"బడినుంచి వచ్చేటప్పటికి చొక్కా ఇలాగే ఉండేది," అన్నాడు చివరికి. "మా అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది."

బట్టీలు మూయించిన ఉత్తర్వుల రిజిస్టర్ తెప్పించాడు. ఇరవై ఏడేళ్ళయింది. తెరమీద మిషను తొక్కుతున్న మనిషిని చూసి, ఎదుట తడిసి నిలబడ్డ మనిషిని చూశాడు. నాలుగూ యాభై మూడు. రాస్తూ రాస్తూ కలం ఆపాడు.

"రుజువు ఫైలుకి జతచెయ్యాలి. తనిఖీకి వచ్చేవాళ్ళు వీడియో వేసి తడుస్తూ కూర్చోరు." చెయ్యి కౌంటర్ మీదికి చాపాడు. "కత్తెరుందామ్మా?"

ఆవిడ సంచిలో అది లేని రోజు లేదు. గుడ్డ చిరగనివ్వకుండా కుట్టు వెంట ఒక్కొక్క పోగూ తెంపి, కఫ్ ఊడదీసి ఇచ్చింది. ఆయన దాన్ని గుండుసూదితో కాగితానికి గుచ్చి, పైన ముద్ర వేశాడు. తారీఖు సరిగానే పడింది.

నెల తిరక్కుండా కొత్త గదికి తాళంచెవి వచ్చింది. మిషను దించిన రోజునే గుమాస్తా వచ్చాడు, ఒక చెయ్యి మోచేతిదాకా మడిచిన చొక్కాతో. ఆ గదిలో మొదట పడిన కుట్టు ఆయన కఫ్‌దే. తొడుక్కుని రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుని, కొత్తది మరీ తెల్లగా కనబడుతోందన్నాడు.

"అలాగే ఉంటుంది బాబూ," అంది కత్తెరత్త, దారం కొరికి. "ఇప్పుడు వాన శుభ్రంగా పడుతోంది కదా."