వెనక వరుస చేతులు

వారానికి మొదటి డ్యూటీ రోజు శనివారం. ఏడున్నరకల్లా కంపెనీ గుమాస్తా ధర్మరాజు మినిట్స్ రిజిస్టరు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళేవాడు. అక్కడ గోడంతా ఆక్రమించిన పెద్ద పటం. ఇంగ్లీషు రాజు ఏలుబడిలో మేనేజరు పూర్వీకుల అమెరికా ఊరు, ఆ ఊరి సభ. ముందు బల్లల మీద జడ్జి, పాదిరి, ఓడల వర్తకుడు, మొత్తం ఏడుగురు పెద్దమనుషులు. వెనక గోడవార ఆడవాళ్ళు. దోహాలో ఆ కంపెనీ వ్యవహారాలన్నీ ఆ ఏడుగురే తేల్చేవాళ్ళు. విషయం చదివితే పటంలోంచే చేతులెత్తేవారు, ధర్మరాజు లెక్కపెట్టి రాసేవాడు. ఏ టీ పొడి కొనాలన్నా అంతే.

తొంభై నాలుగు ఫిబ్రవరిలో ఆ శనివారం చదవాల్సింది తన వీసా సంగతే. రెన్యువల్ కాకపోతే పది రోజుల్లో ఇంటిల్లిపాదీ దేశం విడవాలి. కూతురికి మార్చిలో పదో తరగతి పరీక్షలు.

"పరేషాన్ గాకు ధర్మన్నా, పాదిరి నీ దిక్కే ఎత్తుతడు," అన్నాడు అకౌంటెంట్ రఫీయుద్దీన్.

పాదిరి ఎత్తలేదు. జడ్జి ఇటు చూడనైనా లేదు. ఉంచమన్నవి మూడు, పంపమన్నవి నాలుగు. ఆ కంగారులో ధర్మరాజు ఎక్కడున్నాడో మరిచిపోయి, ఒకప్పుడు పాలకొల్లు చర్చి సెక్రటరీగా సంఘాన్ని పిలిచినట్టే తెలుగులో పిలిచేశాడు.

"అమ్మలు కూడా ఎత్తండమ్మా!"

పెద్దమనుషులు గిరుక్కున వెనక్కి తిరిగారు. గుడ్ల బుట్ట పట్టుకున్నావిడ బుట్ట కింద పెట్టి చెయ్యెత్తింది. ఆమెను చూసి మరో ముగ్గురు.

"వాళ్ళకి ఓటెక్కడిది?" అన్నాడు మేనేజరు.

"మా చర్చిలో ఉంటుంది సార్."

మేనేజరు పటం కింది ఇత్తడి రేకు చూపించాడు. "ఇందులో ఏడు పేర్లే ఉన్నాయి. పేరు రాయని చెయ్యి చెల్లదు. రూలు పెట్టింది నువ్వే."

నిజమే, తనే. పెన్ను తీసుకుని ధర్మరాజు పటం దగ్గరికి వెళ్ళాడు. "మీ పేరేంటమ్మా?"

పటంలోవాళ్ళ గొంతు అంతవరకూ ఎవరూ వినలేదు. గుడ్ల బుట్టావిడ పెదవులు తడుపుకుంది. "మెర్సీ," అంది. తర్వాతావిడ హానా, ఆ పక్కనామె రూత్. నాలుగో పిల్లకు పదిహేనేళ్ళుంటాయేమో.

"పెర్సిస్," అంది. "స్పెల్లింగు చెప్పనా?"

"వద్దు తల్లీ. మా అమ్మాయి పేరే," అన్నాడు ధర్మరాజు. ఏడుపు ఆగలేదు, ఏడుస్తూనే రాశాడు.

మేనేజరు నాలుగు పేర్లూ చదివి, మూడూ నాలుగూ ఏడు చేతులని కూడి, సంతకం పెట్టాడు. ఆ మార్చిలో పెర్సిస్ పరీక్షలు దోహాలోనే రాసింది.