మలుపు మీది ఇడ్లీ బండి

చిల్కానగర్ మలుపులో ఈరమ్మ ఇడ్లీ బండి పన్నెండేళ్లు నిలబడింది. రెండు నెలల కిందట పీకేశారు. బండ్ల దగ్గర పనీపాటా లేనివాళ్లు చేరతారు, దొంగతనాలన్నీ అక్కడినుంచే అని కార్పొరేటర్ పరంధామయ్య సెలవిచ్చాడు. పోలీసులు తలూపారు. బండ్లన్నీ ఎత్తేసి, స్తంభానికి ఒక కెమెరా బిగించారు. ఈరమ్మ నాచారంలో ఒక గోడ పక్కకు బండి నెట్టుకుపోయింది. అక్కడ ఇడ్లీల కోసం ఈగలు తప్ప ఎవరూ రారు.

బండ్లు పోయాయి. దొంగలు పోయారా? అప్పుడే వచ్చారు! పొద్దున ఆరింటికి ఆ వీధి ఆడవాళ్లు వాకిట్లో వంగి ముగ్గులు వేస్తారు. ఇదివరకు ఆ వేళకు ఈరమ్మ పొయ్యి మండుతుండేది. కొత్త మోటారు సైకిల్ కనిపిస్తే చాలు, "ఎవర్రా నువ్వు?" అని కేకేసేది. ఇప్పుడు మలుపు బోసిపోయింది. ఒక్క నెలలో మూడు గొలుసులు తెంపుకుపోయారు. మూడోది టీచరు విజయశ్రీది.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో మీటింగ్. కొత్తగా వచ్చిన ఎస్సై కౌశల్, పక్కన శాలువా కప్పుకున్న పరంధామయ్య. ఈరమ్మ కూడా వెళ్లింది. ఆమెకు కావలసింది ఒక్కటే, తన మలుపు.

"బంగారం ఏసుకొని ముగ్గులేందమ్మా? జర పైలంగ ఉండాలె," అన్నాడు పరంధామయ్య.

ఈరమ్మ లేచింది. "మా సంగతి పక్కన పెట్టన్నా. కెమెరా పెట్టించినవ్ గద, దొంగ మొఖం సూపియ్యి."

"సూపియ్యిర్రి సార్!" అన్నాడు పరంధామయ్య గొప్పగా.

కౌశల్ ఇబ్బందిగా దగ్గాడు. "వద్దులే అన్నా, నేను సూసిన."

"అరే, సూపియ్యిర్రి!"

కౌశల్ ముందున్న లాప్‌టాప్ తెర జనం వైపు తిప్పాడు. బొమ్మలో వీధి లేదు, దొంగ లేడు. ఎండకు మెరుస్తున్న ఫ్లెక్సీ వెనక వైపు, అందులో తిరగబడిన అక్షరాలు, చేతులు జోడించి నవ్వుతున్న పరంధామయ్య. కెమెరా తెచ్చినందుకు ఆయనకు ధన్యవాదాలు చెబుతూ ఆయన మనుషులు కట్టిన ఫ్లెక్సీ. సరిగ్గా ఆ కెమెరా ముందే కట్టారు.

"దొంగ మొఖం అడిగితే నీ మొఖమొచ్చిందేందన్నా!" అంది ఈరమ్మ. హాలు హాలంతా గొల్లుమంది.

విజయశ్రీ నవ్వలేదు. "ఈరమ్మ ఉన్నన్నాళ్లూ మా వీధిలో ఒక్క గొలుసూ పోలేదండీ. ఫ్లెక్సీ తీసేసినా, కెమెరా కేకేస్తుందా?"

కౌశల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కాగితం తీసి, పొద్దున ఐదు నుంచి పది దాకా మలుపులో బండ్లుంటే గస్తీకి మేలని రాశాడు. దాన్ని పరంధామయ్య ముందుకు తోస్తూ అన్నాడు: "నువ్వూ సంతకం పెట్టన్నా. మున్సిపాలిటోల్లు మల్ల ఎత్తకపోకుంట."

పరంధామయ్య హాలంతా చూశాడు. అందరూ ఓటర్లే. "నేను మొదట్నుంచి గదే చెప్తున్న," అంటూ సంతకం గీకాడు.

సోమవారం ఆరు కాకముందే మలుపులో ఆవిరి లేచింది. బండికి నీడగా ఆ ఫ్లెక్సీనే పైన కట్టింది ఈరమ్మ. పరంధామయ్య ఇప్పుడు ఆకాశానికి దండం పెడుతున్నాడు. గొలుసు ఇంకా దొరకలేదు. విజయశ్రీ మెడలో పసుపుతాడే ఉంది. అయినా వాకిట్లో నింపాదిగా చుక్కలు పెడుతోంది.

మలుపులో ఒక మోటారు సైకిల్ నెమ్మదించింది.

"ఎవర్రా నువ్వు?"

"పాలోన్ని, ఈరమ్మక్కా! పొద్దుగాల్నే నా పానం తియ్యకు!"

"పాలోనివైతే దిగు. ఇడ్లీ తిని పో."

విజయశ్రీ తలెత్తకుండానే నవ్వింది.