చూసినందుకే ఫీజు

నోటరీ గారి గోడకు అద్దం కట్టించిన కాగితం ఒకటి వేలాడుతోంది. ఏ పనికి ఎంత తీసుకోవాలో, ఎంతకు మించి తీసుకోకూడదో ప్రభుత్వం వారు వేసిన పట్టిక అది. దర్జీ ఆవిడ దాన్ని మూడుసార్లు చదివింది. ఇరవై ఏళ్లుగా అంగుళాల్లో బతికిన మనిషి, లెక్కలకు జడిసేది కాదు. అయినా చదివిన ప్రతిసారీ ఇంకో మొత్తం తేలింది.

"మొదటి సంతకానికి పూర్తి ఫీజు, అదే మనిషి పెట్టే మిగతావాటికి సగం. ఇక్కడ మూడు సంతకాలున్నాయి. అంటే రెండు ఫీజులు. అంతేనా అండీ?"

"లెక్క బాగానే ఉందమ్మా. సంతకాలు పెట్టినాయనేడీ?"

"మా మరిది. బస్టాండుకు వెళ్లిపోయాడు. పొద్దున్నే ఇంట్లోనే పెట్టించేశాను. మీకూ పని తగ్గుతుంది కదాని."

నోటరీ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తీయడంలోనే వ్యవహారం చెడిందని ఆవిడకు అర్థమైంది. ఎందుకు చెడిందో మాత్రం అంతుపట్టలేదు.

సంగతేమిటంటే, ఆవిడ చెల్లెలు పోయి ఏడాదైంది. చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లు, అప్పటినుంచీ పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. తండ్రికి, అంటే ఆ మరిదికి, ఓడలో వంటపని దొరికింది, రెండేళ్ల ఒప్పందం. నాలుగింటి బస్సుకు బయల్దేరుతున్నాడు. పిల్ల బాధ్యత పెద్దమ్మదేనని సీలు వేసిన కాగితం రేపటికల్లా ఇవ్వకపోతే బడిలో పేరు కొట్టేస్తామన్నారు. కాగితం టైపు చేసినతను "ఎన్నాళ్లకని వెయ్యమంటారు?" అని అడిగితే ఆవిడ మొహం తిప్పుకుంది. అతను 'శాశ్వతంగా' అని టైపు చేసేశాడు. ఆవిడ చూసింది. చూసి ఊరుకుంది. జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని కుట్టుమిషను పక్కన చేరే పిల్లను తలుచుకుంటే ప్రాణం కొట్టుకుంది. ఏం చేస్తుంది పాపం!

"ఆయన లేకుండా నేను సీలు వెయ్యనమ్మా," అన్నాడు నోటరీ.

"అయ్యో రామ! సంతకాలు కళ్ల ముందే ఉన్నాయి కదండీ. పోనీ ఓ రూపాయి ఎక్కువే తీసుకోండి."

"ఎక్కువ తీసుకుంటే తప్పు. నా లైసెన్సు పోతుంది."

"అయితే తక్కువ తీసుకోండి."

"తక్కువ తీసుకోవచ్చు. ఊరికే కూడా చెయ్యొచ్చు. రూల్సు ఒప్పుకుంటాయి."

"మరి చెయ్యండి!"

"చెయ్యను. ఆ ఫీజు కాగితానికి కాదు, సీలుకూ కాదు. ఆయన పెడుతుంటే నేను చూసినందుకు. చూడలేదు కదా, దేనికి తీసుకోను?"

ఆవిడకు బుర్ర తిరిగింది. చూడ్డానికి కూడా ధరలుంటాయా? ఇదెక్కడి గోలరా దేవుడా అనుకుంటూ గడియారం వైపు చూసింది. మూడుంపావు.

"అయితే బస్టాండుకు పదండి. మీరొచ్చి చూడండి."

"రావచ్చు. కానీ ప్రయాణ ఖర్చు సీలు ఫీజులో కలపకూడదు. ఎంతో నేను ముందే చెప్పాలి, మీరు ముందే ఒప్పుకోవాలి."

"ఒప్పుకున్నా."

"ఎంతో చెప్పందే ఎలా ఒప్పుకుంటారమ్మా?"

సంచిలో సీలు, రిజిస్టరు సర్దుకుని గడప దాకా వచ్చి మళ్లీ ఆగిపోయాడా మహానుభావుడు. "బస్టాండు ఈ వీధి చివరే కదా. నడిచి వెళ్తే దాన్ని ప్రయాణ ఖర్చు అంటారా, అనరా?" అని తనలో తనే గొణుక్కున్నాడు. పట్టికలో ఆ ముక్క లేదు. "దారిలో తేల్చుకుందురుగాని నడవండి బాబూ!" అని ఆవిడ సంచి లాక్కుని ముందు నడిచింది. ఈయన నియమాలన్నీ తన నెత్తినే పడాలా అని ఒళ్లు మండిపోయింది.

మరిది బెంచీ మీద ట్రంకుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. వదినను చూసి గబుక్కున లేచి, "పాపకేమైనా అయ్యిందా?" అన్నాడు.

"పాప బడిలో ఉంది. సంతకాలు మళ్లీ పెట్టాలట, ఈయన చూస్తుంటే. పెట్టెయ్యి."

అతను కలం తీశాడు. నోటరీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. ముందు నేను చదవాలి, మీరు వినాలి."

దర్జీ ఆవిడ కంగారుపడింది. చదువుతారని ఎవరు చెప్పారు? పట్టికలో చదవడానికి ధర ఎక్కడా కనబడలేదే! నోటరీ పద్దు చదివినట్టు చదువుకుంటూ పోయాడు. 'శాశ్వతంగా' దగ్గర కూడా గొంతు మారలేదు. మరిది నేల చూపు చూస్తూ విన్నాడు.

"ఇది మీరు ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా?"

మరిది చేతిలో కలాన్ని అటూ ఇటూ తిప్పాడు. బస్సు వచ్చి నిలబడింది.

"నాకు తెలీదయ్యా ఆ మాట..." అని ఆవిడ మొదలుపెట్టి, అబద్ధం మధ్యలోనే ఆపేసింది.

"పొద్దున చదివాను వదినా," అన్నాడతను మెల్లగా. "చదివే పెట్టాను. ఏడాదిగా దాన్ని కంటికి రెప్పలా చూస్తున్నావు. నువ్వే అలా రాయించావంటే, కాదనడానికి నాకు మొహం చెల్లలేదు."

ఆవిడకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంత తెలిసీ ఈ మనిషి తన చేతి టీ తాగి, పిల్ల తల నిమిరి, మాట అనకుండా పెట్టె ఎత్తుకుని వచ్చేశాడు. దుఃఖం పొంగుకొచ్చింది. అక్కడే, అందరి ముందే, వెక్కి వెక్కి ఏడ్చింది.

"కొట్టెయ్యండి ఆ మాట," అంది నోటరీతో. "రెండేళ్లని రాయండి."

నోటరీ కొట్టేసి రాశాడు. పక్కన చిన్న సంతకం పెట్టమన్నాడు. కండక్టరు ఈల వేశాడు. మరిది కలం పట్టుకుంటే నోటరీ మళ్లీ అడ్డుపడ్డాడు, కాగితం మారింది కాబట్టి మళ్లీ అడగాలట.

"ఇష్టపూర్వకంగానేనా?"

మరిది వదిన వైపు చూశాడు.

"ఇప్పుడు ఇష్టమేనండి," అన్నాడు.