టేపులో గలగల

రేపల్లె చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం ఆడినా కరపత్రం అడుగున ఒక లైను తప్పకుండా ఉండేది: హార్మోనియం, తెనాలి కోటేశ్వరరావు గారు. ఆ లైను చూసి అడవులదీవి నుంచి ట్రాక్టరెక్కి వచ్చేవాళ్ళున్నారు. కోటేశ్వరరావుకి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయాక కూడా ఆ లైను అలాగే ఉండిపోయింది. హార్మోనియం పెట్టె ముందు కూర్చుని వాయించేది మాత్రం ఆయన భార్య మంగాయమ్మ.

నాటకాల కాంట్రాక్టరు యలమందని ఆవిడ ఒకే ఒక్కసారి అడిగింది.

"పేరు మారిస్తే మేళం మారిపోయిందనుకుంటారక్కా. ఎవరు వాయిస్తే ఏంటి, పద్యం నిలబడాలి గానీ" అన్నాడతను.

సొమ్మొకడిది, సోకొకడిది. సోకు పడుతున్నవాడు కట్టుకున్నవాడే కాబట్టి ఆవిడ మళ్ళీ నోరెత్తలేదు. ముందువరసలో కూర్చున్నవాళ్ళకి వాయించేదెవరో కనపడుతూనే ఉండేది. అయినా ఇంటికి పోతూ వాళ్ళు కూడా "కోటేశ్వరరావు పెట్టె భలే పలికిందిరా" అనే అనేవాళ్ళు. అలవాటు అలాంటిది.

ఆవిడకి ఎవరూ పాఠం చెప్పలేదు. కోటేశ్వరరావు వసారాలో పిల్లలకి నేర్పుతుంటే వంటింట్లోంచి వినేది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు పెట్టె మూత తీసేది. అలా ఇరవై ఏళ్ళు. ఆయన మంచాన పడిన నెలలోనే రేపల్లె నాటకానికి మాట ఇచ్చి ఉండటంతో, తప్పక వెళ్ళి పెట్టె ముందు కూర్చుంది. రాజు వేషం వేసిన జ్ఞానానందం ఆ రోజు మేకప్పు తుడుచుకుంటూ, "అక్కయ్యా, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావు?" అన్నాడు. ఆ ఒక్క మాటే ఆవిడకి సన్మానం.

పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ కొడతారు. నటుడు గుక్క తిప్పుకుని మళ్ళీ అందుకునేదాకా ఆ ఖాళీని హార్మోనియమే నింపాలి. కోటేశ్వరరావు తన రోజుల్లో రాగాన్ని శుద్ధంగా పట్టి, అందించి, ఆగేవాడు. మూడు వన్స్ మోర్లు వస్తే మూడుసార్లూ అదే. ఆయన పద్ధతి అది, వంక పెట్టలేం. మంగాయమ్మ అలా కాదు. ఒకసారి వెళ్ళిన దారిన రెండోసారి వెళ్ళదు. జ్ఞానానందం ఊపిరి ఎంత మిగిలిందో చూసుకుని, దానికి తగ్గట్టు రాగాన్ని సాగదీసేది, విరిచేది, అతను ఊహించని చోట వదిలేది. అక్కణ్ణుంచి అందుకోవటానికి అతనూ కొత్తగా పాడాల్సి వచ్చేది. పెట్టె వెనక గాలితిత్తి కొట్టే ఎడమచేతికి డజను మట్టిగాజులు. మొదట్లో వాటిని మోచేతిదాకా తోసుకునేది. అవి జారేవి. విసుగొచ్చి మానేసింది. అప్పట్నుంచీ పెట్టెతోపాటు అవీ గలగలమంటూ తాళం వేసేవి.

ఎంత వాయించినా వన్స్ మోర్ పాడినవాడికే. పెట్టెకి వన్స్ మోర్ కొట్టినవాణ్ణి ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

రెండువేల నాలుగు మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున, బాపట్లలో ఇంగ్లీషు చెప్పే లెక్చరరు భరద్వాజ తెనాలి వచ్చి ఆ ఇంటి తలుపు కొట్టాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. జాజ్ సంగీతం అంటే చెవికోసుకుంటాడు. అందులోనూ పెద్దపేర్లు ఆయనకి పట్టవు. ఎవరూ వినని ఆడవాళ్ళు వాయించిన రికార్డులు ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుని, నెలకోసారి పదిమందిని పోగేసి వినిపిస్తాడు. వచ్చినవాళ్ళు జీడిపప్పు పకోడీల కోసం వస్తారని ఆయన భార్య అనుమానం.

వస్తూనే కోటేశ్వరరావు కాళ్ళకి దణ్ణం పెట్టి, సంచిలోంచి ఒక కేసెట్టు తీశాడు. రేపల్లె మైకుసెట్టు యేసుదాసు దగ్గర దొరికిందట. దానిమీద 'కోటేశ్వరరావు హార్మోనియం, రేపల్లె, 98' అని రాసి ఉంది. కరపత్రం చూసి రాసుకున్నాడు యేసుదాసు.

"మాస్టారూ, నూటయాభైసార్లు విన్నానండి. ఆ మూడో వన్స్ మోర్ దగ్గర, మోహన రాగంలో అందరూ పైకి పోతారనుకుంటాం. మీరు మంద్రంలోకి దిగిపోయారు! ఒళ్ళు జలదరించిందండి. ఇది జాజండి. అప్పటికప్పుడు పుట్టించటం. ఎలా తట్టిందండి మీకు?"

వంటింట్లో కాఫీ కలుపుతున్న మంగాయమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎలా తట్టిందో ఆవిడకి తెలుసు. ఆ రోజు జ్ఞానానందానికి జలుబు. పైస్థాయి అందదని, వాడి పరువు కాపాడటానికి కిందకి దిగింది. ఆరేళ్ళ తర్వాత ఒక మనిషి ఆ ముక్కని పట్టుకున్నాడు. ఆవిడకి పట్టరాని సంతోషం వేసింది. మొగుడు ఏమంటాడా అని చెవులు రిక్కించి నిలబడింది.

"అంతా అమ్మవారి దయ" అన్నాడు కోటేశ్వరరావు.

కాఫీ తెచ్చి ఇచ్చేసరికి భరద్వాజ చిన్న టేపురికార్డరులో మరో పాట పెడుతున్నాడు. "ఈవిడ అమెరికాలో ఒక బ్యాండులో ఇరవై ఏళ్ళు పియానో వాయించిందండి. రికార్డు అట్టమీద బ్యాండు నాయకుడి బొమ్మ. ఈవిడ పేరు వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో. వినండి."

మంగాయమ్మ గుమ్మానికి ఆనుకుని వింది. ఆ భాష తెలియదు, ఆ రాగమేంటో తెలియదు. కానీ ఆ ఎడమచెయ్యి తబలా పని చేస్తోందనీ, కుడిచెయ్యి పద్యం పాడుతోందనీ అర్థమైంది. తోటివాయిద్యం కాస్త తడబడితే ఎత్తి నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు ముందుకి పోయింది. ఓసి దీని చెయ్యి పడ, ఇది నా జాతిదే అనుకుంది.

"మధ్యలో ఆ టకటకా ఏంటి బాబూ?"

"కాలండి పిన్నిగారూ! కాలితో తాళం వేసుకుంటోంది. అది వినిపిస్తుంటే మనిషి మన ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుండదూ? ఇలాంటి ఆడవాళ్ళు మన దగ్గర ఏరండి?"

కోటేశ్వరరావు గోడగడియారం వంక చూశాడు. మంగాయమ్మ కోటేశ్వరరావు వంక చూసింది.

ఆ కేసెట్టుని సీడీ చేస్తాననీ, వచ్చే ఆదివారం బాపట్లలో మాస్టారికి శాలువా కప్పుతామనీ చెప్పి, అట్టమీద వెయ్యటానికి ఆయన ఫోటో కూడా పట్టుకుని వెళ్ళాడు భరద్వాజ.

"తొంభై ఎనిమిదిలో రేపల్లె నాటకం నాడు మీరెక్కడున్నారండీ?" అంది మంగాయమ్మ, తలుపు వేసి వచ్చి.

"మంచంలో."

"మరి?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "చెయ్యి పడిపోయాక ఈ గుమ్మంలోకి వచ్చి దణ్ణం పెట్టినవాడు అతనొక్కడే మంగా. ఒక్క పూట ఓర్చుకో."

ఆవిడకి ఒళ్ళు మండింది. మరుక్షణం ఆ వేలాడే చెయ్యి చూసి జాలేసింది. ఆ ఇంట్లో ఎప్పుడూ జాలే గెలుస్తుంది.

ఆదివారం పాసింజరులో బాపట్ల వెళ్ళారు. మాస్టారి పెట్టె అందరికీ చూపిస్తామని అడిగారు గనక దాన్నీ మోసుకెళ్ళారు. కాలేజీ హాలులో నలభైమంది. పెట్టెని వేదికమీద బల్లపై పెట్టి దండ వేశారు. కోటేశ్వరరావుకి శాలువా కప్పారు. మంగాయమ్మకి ముందువరసలో కుర్చీ, బొట్టు, రవికెలగుడ్డ.

భరద్వాజ ముందు ఆ అమెరికావిడ గురించి చెప్పాడు. గొంతు గద్గదమయ్యేలా చెప్పాడు, పాపం. ఎంతమంది ఆడవాళ్ళు అట్టమీద పేరుకైనా నోచుకోకుండా పోయారోనన్నాడు. తర్వాత రేపల్లె కేసెట్టు పెట్టాడు. మూడో వన్స్ మోర్ దగ్గర పెట్టె మంద్రంలోకి దిగేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. మంగాయమ్మ వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి.

పాట ఆగాక శ్రుతి అనే విద్యార్థిని లేచింది. "సార్, వెనకాల గలగలమంటోంది, అదేంటి సార్?"

"మైకు లోపమమ్మా. సీడీలో అది ఉండదు. హైదరాబాదులో కంప్యూటరు మీద తీసేయిస్తున్నాం. అప్పుడు మాస్టారి వాయిద్యం ఒక్కటే శుభ్రంగా మిగులుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. మంగాయమ్మ తన చేతిగాజుల వంక చూసుకుంది. పేరు పోతే పోయింది, అది కాగితం మీద మాట. ఆ టేపులో తను ఉన్నానని చెప్పేవి ఆ గాజులొక్కటే. అవి కూడా తుడిచేస్తే ఇక తను ఎక్కడా ఉండదు. ఇప్పుడైనా అంటాడేమోనని మొగుడి వంక చూసింది. ఆయన తల వంచుకుని శాలువా కుచ్చులు సవరించుకుంటున్నాడు.

ఆవిడ లేచి నిలబడింది.

"బాబూ, ఆ అమెరికావిడ కాలిచప్పుడు ఉండొచ్చు గానీ, నా గాజులచప్పుడు ఉండకూడదా?"

భరద్వాజకి అర్థం కాలేదు. ఆవిడ మెట్లెక్కి, పెట్టెకి వేసిన దండ తీసి పక్కన పెట్టి, బల్లమీది పెట్టెని కిందకి దించి దాని ముందు కూర్చుంది. గాజులు పైకి తోసుకోలేదు. తిత్తి లాగింది.

మోహన అందుకుంది. జ్ఞానానందం లేడు, పద్యం లేదు, తబలా లేదు. అయినా ఎదురుగా ఎవరో పాడుతున్నట్టే, వాడి ఊపిరికి చోటిస్తూ వాయించింది. పైకి ఎక్కినట్టే ఎక్కి, అంచుదాకా తీసుకెళ్ళి, చటుక్కున మంద్రంలోకి దిగింది. టేపులో ఉన్నట్టు దిగలేదు. ఇది వేరే దారి. ఎడమచేతి గాజులు తిత్తితో కలిసి గలగలమంటూనే ఉన్నాయి. శ్రుతి నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆపేసరికి హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని తోచలేదు.

భరద్వాజ మొహంలో నెత్తుటిచుక్క లేదు. "పిన్నిగారూ, ఈ టేపులో..." అని ఆగి, కోటేశ్వరరావు వైపు తిరిగాడు. నలభైమందీ అటే తిరిగారు.

మంగాయమ్మ తిరగలేదు. 'నేర్పింది నేనే' అని ఆయన ఒక్క మాట అంటే చాలు, అందరూ నమ్ముతారు. టేపు ఆయనదే అవుతుంది, ఫోటో ఆయనదే ఉంటుంది. ఆవిడ ఎదురుచూసింది.

కోటేశ్వరరావు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. శాలువా జారి కిందపడింది. దాన్ని తీసుకోలేదు. రేపల్లె నాటకాల్లో వెనకవరసవాళ్ళు లేపినట్టు, పనిచేసే కుడిచెయ్యి పైకి లేపి, గొంతు చించుకుని అరిచాడు.

"వన్స్ మోర్ మంగాయమ్మా! వన్స్ మోర్!"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిత్తి లాగింది. ఈసారి ఇంకో దారిన వెళ్ళింది.