నిండితేగానీ కదలని బండి

హయత్‌నగర్ ఆంజనేయస్వామి గుళ్లో మెట్రో రైలు కోసం ముడుపు కట్టింది బహుశా నేనొక్కణ్ణే. రైలు మా ఊరిదాకా రావాలని మనసులో అనుకుని, పసుపు గుడ్డలో కొబ్బరికాయ కట్టి, మండపం కడ్డీకి వేలాడదీశాను. కోరిక తీరాక వెళ్లి విప్పుకోవాలి. మెట్రో నివేదిక ఢిల్లీకి పంపారని పేపర్లో చదివి, ఇక పనులు మొదలైనట్టేనని నమ్మాను. మా కోడలు తేజస్వినికీ అదే చెప్పాను. "కాస్త ఓపిక పట్టమ్మా, ఉద్యోగం మానకు."

ఆమె అమీర్‌పేటలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఎల్బీనగర్ నుంచి మెట్రోలో హాయిగానే వెళ్తుంది. ఎల్బీనగర్ చేరడమే కష్టం. బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. షేర్ ఆటో నిండితేగానీ కదలదు. ఇంకోసారి ఆలస్యమైతే రావద్దని ల్యాబ్‌లో చెప్పేశారు. వాళ్లు తీసేయకముందే సోమవారం తానే రాజీనామా ఇస్తానంది తేజస్విని. ఆ మాట అన్నాక, సర్దిన గిన్నెలే మళ్లీ సర్దుతూ చాలాసేపు వంటింట్లో ఉండిపోయింది.

ఆదివారం కాలనీ హాల్లో మెట్రో మీద సమావేశం పెట్టారు. వచ్చిన అధికారి ఓపిగ్గా చెప్పారు. రాష్ట్రం తన వాటా పెడుతుంది. కేంద్రం ఒప్పుకుంటే దాని వాటా వస్తుంది. అది ఒప్పుకున్నాకే అప్పిచ్చేవాళ్లు ముందుకొస్తారు. అప్పటిదాకా టెండర్లు లేవు.

నేను లేచాను. "అందరూ కావాలనే అంటున్నారు కదండీ. మరెందుకు ఆగింది? మా దశరథ ఆటోలాగా అన్ని సీట్లూ నిండితేగానీ కదలదా?"

హాలంతా నవ్వింది. దశరథది నల్గొండ వైపు, మా వీధిలోనే ఉంటూ ఎల్బీనగర్‌కి షేర్ ఆటో నడుపుతాడు. వెనక వరసలోంచి అన్నాడు, "నా ఆటోను ఢిల్లీ దాక ఎందుకు గుంజుతున్నవ్ త్రినాథన్నా?"

అధికారి కూడా నవ్వారు. "ఇంచుమించు అంతేనండీ. ఎప్పుడని మాత్రం చెప్పలేను."

ఈ మెట్రో బండిలో ఖాళీ సీటు ఎవరిదో అందరికీ తెలిసినప్పుడు, వాళ్లని పిలవాల్సింది ఎవరు? ఈ మాట అడుగుదామనుకునేలోగా సమావేశం ముగిసింది.

బయటికొచ్చాక తేజస్విని మెల్లగా అంది. "మావయ్యగారూ, నేను రైలు అడగలేదు. తొమ్మిదిలోపు ల్యాబ్‌లో ఉంటే చాలన్నాను."

నిజమే. స్వామిని నేను పట్టాలూ స్తంభాలూ అడిగాను. ఈ పిల్ల వేళకి చేరాలని అడగలేదు.

దశరథ ఆటో తీయబోతున్నాడు. ఆపాను. "పొద్దున అంతసేపు ఎందుకు ఆగుతావయ్యా?"

"ఖాళీగ పోతే గ్యాస్ పైసలు నువ్విస్తవా?"

"ముందే నిండి ఉంటే?"

"నిండినంక ఆగుడెందుకు, నాకేమన్న పిచ్చా?"

హాల్లోంచి వస్తున్న సంధ్యారాణిని, అరుణజ్యోతిని పిలిచాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరు, మలక్‌పేటలో ఒకరు పనిచేస్తారు. రోజూ అదే ఆటో కోసం అదే మూల నిలబడతారు. ఇంకెవరెవరు వస్తారో వాళ్లే ఫోన్లు చేసి పిలిచారు. నెల కిరాయి ముందే ఇచ్చేట్టు, సీట్లు నిండినా నిండకపోయినా వేళకి ఆటో కదిలేట్టు మాట్లాడుకున్నాం.

"లేటయితే ఆగ. ఎన్కనుంచి లొల్లి పెట్టొద్దు," అన్నాడు దశరథ.

"మాకు గదే కావాలె. ముందు నువ్వు జల్ది లెవ్వు," అంది సంధ్యారాణి.

సోమవారం అరుణజ్యోతి జడ వేసుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి ఆటో మలుపు తిరిగింది. మర్నాటి నుంచి అందరికంటే ముందు ఆమే. తేజస్విని రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు.

"పనయింది గద అన్నా. ముడుపు ఇప్పుతవా?" అని ఒకరోజు దశరథ అడిగాడు.

"లేదయ్యా. నేను మొక్కింది రైలుకి."

"రైలొస్తే నా గిరాకీ?"

"స్టేషన్ నుంచి ఇంటికి మమ్మల్ని ఎవరు తెస్తారు మరి?"

"గదీ కరెక్టే. అయితే ఉండనియ్."

శనివారం గుడికెళ్లి ఎండిన కాయ తీసి కొత్త కాయ కట్టాను. ఈసారి రైలుతో పాటు, కేంద్రం, అప్పిచ్చేవాళ్లు, ఆ ఖాళీ సీట్ల వాళ్లంతా త్వరగా వచ్చి కూర్చోవాలని కూడా మొక్కాను. వచ్చే సమావేశంలో వాళ్లని ఎవరు పిలుస్తారో లేచి అడుగుతాను. గుడ్డ మాత్రం గట్టిదే తీసుకున్నాను.